గల్వానునకు ముందటి పదునైదేండ్లు

భాగ్యనగరమునకు తూర్పువాకిలివంటి ఎల్.బి. నగరు కూడలిలో, సూర్యాపేట, నల్లగొండ ప్రాంతముల బస్సులనుండి పుస్తకముల సంచులతో దిగు యువకులను నిత్యము చూడవచ్చును. వారిలో పెక్కండ్రు దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములలో నుండి ఉద్యోగపరీక్షలకు చదువువారు. కుమారుని ఇంజనీరు చేయుటకు అప్పుచేసియైన నగరమునకు బంపు తండ్రి, సైన్యమన్నంతనే వెనుదీయును. ఆ బస్సులు వచ్చిన సూర్యాపేటలోనే ఒక తండ్రి అట్లు వెనుదీయలేదు.

కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు తండ్రి బ్యాంకు ఉద్యోగి. తాను సైన్యమున జేరగోరి చేరలేకపోయిన ఆయన, కుమారుని ఆరవ తరగతిలోనే విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలకు బంపెను. విజయనగర ప్రభువుల భవనమున 1962లో నెలకొల్పబడిన పాఠశాల యది. పసివానిని అంతదూరమున విడిచి వచ్చుట ఎట్టిదో కన్నవారికి వేఱుగ జెప్ప నక్కఱలేదు. పిదప ఖడక్‌వాస్లాలోను, డెహ్రాడూనులోను శిక్షణ ముగించి, సంతోష్‌బాబు 2004 డిసెంబరులో 16వ బీహారు పటాలమున అధికారిగ జేరెను.

తెలుగువాడు బీహారు పటాలమున జేరుట వింతగ దోచవచ్చును. పదాతిదళాధికారికి పుట్టిన సీమతో పనిలేదు. భటుల భాష నేర్చి, వారితో గుడిచి, వారి ముందు నడువవలయును. కాశ్మీరమునను, ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో కాంగోలోను పనిచేసిన పిమ్మట, 2019 డిసెంబరులో ఆయన తాను జేరిన పటాలమునకే అధిపతి యయ్యెను. పదాతి అధికారి కింతకు మించిన కోరిక యుండదు.

గల్వాను రాత్రినిగూర్చి లోకము విశేషముగ జెప్పుకొనెను. ఈ పదునైదేండ్ల సాధనను గూర్చి చెప్పుకొనినది స్వల్పము. 1996 నాటి ఒడంబడికను బట్టి వాస్తవాధీనరేఖకు రెండు కిలోమీటర్లలోపల ఉభయపక్షములును తుపాకి కాల్పరాదు. 2020 జూన్ 6న ఇరువైపుల సేనానులు దళములను వెనుకకు దీయుటకు సమ్మతించిరి. జూన్ 15న గల్వాను లోయలో శత్రువు కెదురుగ పరిశీలనాస్థానము నెలకొల్పు భారము సంతోష్‌బాబుపై బడెను. చైనా భటులు ఎత్తులనుండి రాళ్లు రువ్వుచు, పదునైన ఆయుధములతో మీదబడిరి. తీవ్రముగ గాయపడియు ఆయన వెనుకకు రాలేదు. ముందు నిలిచి తనవారిని నడపుచునే ప్రాణములు విడిచెను. ఇట్టి వేళ భటులను నియమమున నిలుపగల శక్తి ఒక రాత్రిలో వచ్చునది గాదు. మనవారు ఇరువదిమంది మడిసిరి. తమవారు నలుగురు చనిపోయిరని చైనా ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలోగాని యొప్పుకొనలేదు. ఎనిమిది నెలలు!

2021 గణతంత్రదినమునాడు ఆయనకు మహావీరచక్రము ప్రకటింపబడెను. పరమవీరచక్రము తరువాతి పతక మిదియే. కార్గిలు పోరున 1999లో నేలకొరిగిన హైదరాబాదు నివాసి మేజరు పద్మపాణి ఆచార్యకును ఇదియే లభించెను. ఆ పేరు మనలో ఎందఱకు జ్ఞప్తియున్నదో! తెలంగాణ ప్రభుత్వము సంతోష్‌బాబు కుటుంబమునకు ఐదుకోట్ల రూపాయలిచ్చినది. సూర్యాపేటలో విగ్రహము వెలసినది. అవి ఉచితములే. కాని కోరుకొండ ప్రవేశపరీక్షకు మన పిల్లవాని నేల పంపరాదని ఇంట ఒక్కపూట యైన ఆలోచించిన గృహస్థులెందఱు? మాకొక్కడే కొడుకండి, అని మనవారు సాధారణముగ చెప్పు సమాధానము.

సూర్యాపేట చెంత కేసారమున, 2020 జూన్ 18న సైనిక లాంఛనములతో సంతోష్‌బాబునకు అంత్యక్రియలు జరిగెను. ఆ తలిదండ్రులకును ఆయన ఒక్కడే కొడుకు.