ఊఁ కొట్టేవారు కావాలి

1995 జూలై 31వ తేదీన కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో సంచార్ భవన్‌లో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మొబైల్ టెలిఫోనులో మాట్లాడారు. దేశంలో ఆ యంత్రం ద్వారా సాగిన తొలి సంభాషణ అదే. ఒక ముఖ్యమంత్రికీ, ఒక కేంద్రమంత్రికీ మధ్య అది జరగడంలో వింత లేదు. పెద్దలు పెద్దలతో మాట్లాడుకోవడం ఆ యంత్రం రాకముందూ ఉన్నది, వచ్చిన తర్వాతా ఉన్నది. మాట చెల్లుబాటు కాని మనిషి చేతికి అదే యంత్రం వచ్చిన నాడు ఏమి జరుగుతుందన్నది ఆలోచించవలసిన విషయం. దానికి సమాధానం కొంత ఛత్తీస్‌గఢ్‌లో దొరుకుతుంది.

ట్రంకు కాల్ బుక్ చేసి, లైను కలిసేవరకు గంటల తరబడి కూర్చున్న రోజులు నా తరం విలేఖరులకు జ్ఞాపకమే. 1984లో సి-డాట్ ఏర్పడింది. ఆ తర్వాత వీధి వీధికీ ఎస్.టి.డి. బూత్‌లు వెలిశాయి, కొన్నేళ్లకు అవీ కనుమరుగైనాయి. నేడు ఢిల్లీలో రిక్షా తొక్కేవాని జేబులోనూ ఫోను ఉన్నది. మాట్లాడేవారికి ఈ నగరంలో ఎన్నడూ లోటు లేదు. పార్లమెంటు సెంట్రల్ హాలు మొదలు పత్రికా గోష్ఠుల వరకు ఇక్కడ ఎవరికి వారు చెప్పడానికే వస్తారు, వినడానికి వచ్చేవారు అరుదు. మన పల్లెలలో కథ చెప్పే అవ్వ, ఎదుట కూర్చున్న పిల్లవాడు ‘ఊఁ’ కొట్టకపోతే కథ ఆపేస్తుంది. రాజధానిలో ఎవరూ ఊఁ కొట్టకపోయినా కథలు ఆగవు.

ఇటీవల రాయపూర్‌లో మూడు రోజులు గడపవలసి వచ్చినప్పుడు ఈ ఆలోచన బలపడింది. తెలుగు పాఠకునికి రాయపూర్ పరాయి ఊరు కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా అక్కడికి చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో. స్టేషను బయట టీ త్రాగుతూ నిలబడితే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ అవతరించి ఈ పట్టణం రాజధాని అయింది. హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు వినిపించే ఈ రాజధాని వీధులలో గోండీ మాత్రం నా చెవిన పడలేదు. అది వినాలంటే దక్షిణంగా జగ్దల్‌పూర్ రోడ్డు పట్టి, ధమ్తరి దాటి, కాంకేర్ మీదుగా కేశ్‌కాల్ ఘాటు ఎక్కి బస్తర్ పీఠభూమికి పోవాలి.

షెడ్యూలులో చోటు లేని భాష

గోండీ మన భాషకు దగ్గరి చుట్టం. ద్రావిడ భాషలలో తెలుగు, గోండీ, కువి, కొండ భాషలు ఒకే శాఖకు చెందినవని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వంటి పండితులు నిరూపించారు. కంటిని వారు ‘కన్’ అంటారు, నెత్తురును ‘నెత్తుర్’ అంటారు. రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కిస్తారు. ఆదిలాబాద్ అడవులు మొదలుకొని మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా వరకు ఈ భాష విస్తరించి ఉన్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షల 80 వేల పైచిలుకు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో డోగ్రీ, మణిపురి, బోడో మాట్లాడేవారి సంఖ్య దీనికంటే తక్కువ. అయినా షెడ్యూలులో గోండీకి చోటు లేదు. 2018 జూలైలో, వెంకయ్యనాయుడు అధ్యక్షులుగా ఉండగా, రాజ్యసభలో 22 భాషలలో దేనిలోనైనా సభ్యుడు మాట్లాడవచ్చునని, అనువాదకులు సిద్ధంగా ఉంటారని ప్రకటించారు. తెలుగువాడు తెచ్చిన మంచి ఏర్పాటు అది. కాని గోండు సభ్యుడు లేచి తన భాషలో మాట్లాడదలిస్తే అతని మాటకు ఊఁ కొట్టేవాడు ఆ పట్టికలో లేడు.

ఇది కేవలం గౌరవ మర్యాదల సమస్య కాదు. బస్తర్‌లో దశాబ్దాల పాటు తుపాకుల నడుమ నలిగిన ప్రజలు మాట్లాడేది ఎక్కువగా ఈ భాషే. వారి గ్రామానికి వచ్చిన అధికారికి గోండీ రాదు, పోలీసుకు రాదు, విలేఖరికి రాదు. దుబాసీ దొరికితే దొరికినట్లు, లేకుంటే లేదు. 1980 తర్వాత గోదావరి దాటి ఆ అడవులలో ప్రవేశించిన నక్సలైటు దళాలవారు మాత్రం, వారిలో అధికులు తెలుగువారు, ఆ భాష నేర్చుకున్నారు. ప్రజల భాష నేర్చినవారు ఆయుధాలు పట్టినవారే కావడం ప్రజాస్వామ్యానికి ఎంతటి లోపమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒకటి నొక్కితే చెప్పవచ్చు, రెండు నొక్కితే వినవచ్చు

ఈ లోపాన్ని కళ్లారా చూసినవారిలో శుభ్రాంశు చౌదరి ఒకరు. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి పెరిగి, బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడాయన. 2004లో తొలుత ఇంటర్నెట్ ద్వారా ఛత్తీస్‌గఢ్ విషయాలు చర్చించే ప్రయత్నం చేశారు. అడవిలోని మనిషికి ఇంటర్నెట్ లేదు, చదువు కూడా చాలామందికి లేదు. ఉన్నదల్లా సంతలో కొన్న చవక రకం మొబైల్ ఫోను, నోరారా పలికే భాష. ఆ రెంటినీ ఆధారం చేసుకొని 2010 ఫిబ్రవరిలో ‘సీజీనెట్ స్వర’ ప్రారంభమైంది. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రానికి చెందిన బిల్ థీస్ యంత్ర సహాయం అందించారు.

పద్ధతి మిక్కిలి సరళమైనది. ఒక నంబరుకు ఫోను చేయాలి. ఒకటి నొక్కితే మన మాట రికార్డు అవుతుంది. రెండు నొక్కితే ఇతరులు చెప్పినవి వినవచ్చు. కాల్ ఖర్చు పేదవానికి భారమైనందున, తర్వాత మిస్డ్ కాల్ ఇస్తే యంత్రమే తిరిగి ఫోను చేసే ఏర్పాటు జరిగింది. వచ్చిన మాటలను అనుభవం గల కార్యకర్తలు విని, విచారించి, సరి అనుకున్నవే విడుదల చేస్తారు. చేతి పంపు చెడిపోయిందని ఒకరు, ఉపాధి హామీ కూలి రాలేదని ఒకరు, బడికి ఉపాధ్యాయుడు రావడం లేదని మరొకరు చెబుతారు. చివర సంబంధిత అధికారి ఫోను నంబరు కూడా చెప్పి, విన్నవారంతా ఆయనకు ఫోను చేయవలసిందిగా కోరుతారు. ఎక్కడో నగరంలో ఉన్నవారు అది విని ఆ అధికారిని పలకరిస్తారు. పని జరిగితే, చెప్పిన మనిషే మళ్లీ ఫోను చేసి జరిగిందని చెబుతాడు. ఫిర్యాదులతో పాటు పాటలూ వస్తాయి. ఆకలి చెప్పుకున్న గొంతే మరునాడు పెళ్లిపాట పాడడం నాకు సహజంగానే తోచింది. మనిషి జీవితం ఫిర్యాదు ఒక్కటే కాదు గదా.

2014లో లండన్‌లోని ‘ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్’ సంస్థ డిజిటల్ రంగంలో ఇచ్చిన పురస్కారం చౌదరికి లభించింది. ఆ ఏడు ఆ పురస్కారానికి పరిశీలించిన పేర్లలో అమెరికా రహస్యాలు వెల్లడించిన ఎడ్వర్డ్ స్నోడెన్ పేరు కూడా ఉన్నది. ప్రపంచమంతా ఆలకించిన గొంతు ఒకటి, పక్క జిల్లా కూడా ఆలకించని గొంతులు మరికొన్ని. చివరకు రెండవదానికే మన్నన దక్కింది.

కాలినడక చేసిన పని

ఇందులో యంత్రం ఘనత ఎంత, మనిషి ఘనత ఎంత అన్న ప్రశ్న నన్ను వెంటాడింది. సిగ్నలు అందని ఊళ్లు బస్తర్‌లో ఎన్నో. అక్కడ వేరొక ఉపాయం సాగింది. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న పంచాయతీకో, పట్టణానికో వెళ్లి ఒకరు ఆ వారపు కార్యక్రమాన్ని ఫోనులో దింపుకొని వస్తారు. ఊళ్లో, సంతలో ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు బ్లూటూత్ ద్వారా అది పాకుతుంది. బ్లూటూత్ అన్న మాట పల్లె నోట ‘బుల్టూ’ అయింది. ఆ రేడియోకు బుల్టూ రేడియో అనే పేరు స్థిరపడింది. రేడియో స్టేషను లేదు, టవరు లేదు, లైసెన్సు లేదు. సంతకు వచ్చి పోయే మనుషులే దాని తరంగాలు.

ఫోను ఇలా కూడా వాడవచ్చునని ఊరికి తెలిసేదెట్లా? ఎవరో ఒకరు నడిచి వెళ్లి చెప్పాలి. స్వచ్ఛంద కార్యకర్తలు ఊరూరా తిరిగి చెట్టు క్రింద జనాన్ని కూర్చోబెట్టి, పాటలతో, బొమ్మలాటలతో ఆకట్టుకొని, ఫోను చేతికిచ్చి మాట్లాడమనేవారు. మొదటిసారి తన గొంతు తనకే తిరిగి వినిపించినప్పుడు నవ్వని మనిషి ఉండడు. ఆ నవ్వుతోనే బెరుకు సగం తీరుతుంది. ఎండలో, వానలో, కాలిబాటలలో సాగే ఈ పనికి కీర్తి తక్కువ. కాని అది లేనిదే బెంగుళూరులోని యంత్రం మూగదే. సాంకేతిక విజ్ఞానం మారుమూలకు చేరిందని మనం ఢిల్లీలో సగర్వంగా చెప్పుకునే ప్రతి సందర్భంలోనూ, చివరి కొన్ని మైళ్లు ఎవరో కాలినడకన మోసినవే.

భాష విషయంలోనూ ఇటువంటి శ్రమే జరిగింది. ఒక ప్రాంతపు గోండీ మరొక ప్రాంతానికి పూర్తిగా అర్థం కాదు. అందువల్ల 2014 నుంచి వివిధ రాష్ట్రాల గోండులు కలిసి కూర్చొని ఉమ్మడి పదకోశం కోసం పాటుపడ్డారు. తొలి సమావేశం ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో జరిగింది. మూడువేల మాటలతో ఆ కోశం 2018లో హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయంలో వెలువడింది. తర్వాత నయా రాయపూర్‌లోని ట్రిపుల్ ఐటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు, సీజీనెట్ కలిసి గోండీలో వ్రాసినదాన్ని చదివి వినిపించే ‘ఆదివాసీ రేడియో’ను రూపొందించారు. చదువురానివానికి వార్త తన భాషలో వినిపించడం ఇందులోని ఉద్దేశం.

గాలి ఎవరిది?

ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో నడిపే అవకాశం లభించింది. జహీరాబాద్ సమీపాన మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న ‘సంఘం రేడియో’ ప్రారంభించి ఆ అవకాశాన్ని సద్వినియోగం చేశారు. విత్తనాల గురించి, వంటల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడుకున్నారు. అయితే ఇటువంటి రేడియోలు సొంతంగా వార్తలు సేకరించి చెప్పరాదన్నది ప్రభుత్వ నియమం. తన ఊరి బావి ఎండిందన్నది రైతుకు వార్తే. ఆ వార్త చెప్పుకోవడానికి గాలి దొరకని చోట టెలిఫోను తీగ దొరికింది.

అన్ని చిక్కులూ దీనితో తీరలేదు. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది సాధారణంగా మగవాని జేబులోనే ఉంటుంది. ఫోను చేసిన ప్రతి సమస్యా పరిష్కారం కాదు. భయం ఉన్న చోట గొంతు రికార్డు కావడమే ప్రమాదం కావచ్చు. యంత్రం తీర్చలేని ఈ భయం తీరాలంటే శాంతి కావాలన్న భావనతో చౌదరి, ఆయన సహచరులు 2018 అక్టోబర్‌లో చింతూరు సమీపాన ఉన్న చట్టి గ్రామం నుంచి జగ్దల్‌పూర్‌కు పాదయాత్ర చేశారు. 2019లో జగ్దల్‌పూర్ నుంచి రాయపూర్‌కు సైకిళ్లపై వచ్చారు. ఫోనుతో మొదలైన పని తిరిగి కాళ్ల మీదికే వచ్చింది. ఇది నాకు వెనుకడుగుగా తోచలేదు. మొదటి నుంచీ ఆ పనిని నడిపించింది కాళ్లే.

వయసు మీద పడినకొద్దీ మనిషికి తెలిసి వచ్చే సంగతి ఒకటున్నది. జీవితంలో మనం చెప్పిన మాటలలో నిలిచేవి బహు కొద్ది. మనం ఓపికగా విన్న మాటలు మాత్రం ఎవరి మనసులోనో నిలిచిపోతాయి. చిన్నతనాన మన కథ విన్నవారిని మనం మరువము. మన బాధ వినకుండా గడియారం చూసుకున్నవారినీ మరువము. వ్యక్తుల విషయంలో నిజమైనది రాజ్యాల విషయంలోనూ నిజమే.

ఈ సంగతి తెలుగు రాష్ట్రాలకు దూరమైనది కాదు. 1940 దశకంలో నిజాం కాలంలోనే ఆదిలాబాద్ అడవిలోని మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చి, గోండీ వాచకాలతో బడి పెట్టించారు. ఉట్నూరులో, భద్రాచలంలో, చింతూరులో గిరిజనాభివృద్ధి కార్యాలయాలు ఉన్నవి. అక్కడికి బదిలీ అయ్యే ప్రతి అధికారి, ప్రతి ఉపాధ్యాయుడు, ప్రతి వైద్యుడు గోండీలోనో, కోయలోనో వంద మాటలు నేర్చుకుంటే కొత్త యంత్రమేదీ కొనవలసిన పని లేదు. నెత్తురును నెత్తుర్ అనే భాష తెలుగువానికి ఎంత కష్టం? ప్రసవ వేదనతో వచ్చిన కోయ పడుచు తన నొప్పి ఎక్కడో తన మాటలోనే చెప్పుకొని, ఎదుటనున్న డాక్టరమ్మ ‘ఊఁ’ అనగలిగిన నాడు, ఆ ఆస్పత్రికి ప్రభుత్వం వచ్చిందని మనం ధైర్యంగా వ్రాయవచ్చు.