పగలు ఉపవాసం... రాత్రి ఫలహారం!

"డాక్టరు గారూ, నేను తినే తిండి చూస్తే పిచ్చుక కూడా నవ్వుతుంది. అయినా ఒక్క కిలో తగ్గలేదు. నాది నీరు వొళ్ళేమో పరీక్ష చెయ్యండి" అంది ఆ ఇల్లాలు. వయసు 42. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. బరువు 74 కిలోలు.

పక్కన కూర్చున్న భర్త నెమ్మదిగా నోరు విప్పాడు. "పగటి సంగతి ఆవిడ చెప్పింది నిజమేనండీ. కానీ రాత్రి పదకొండు దాటాక మా వంటింట్లో డబ్బా మూత చప్పుడవుతుంది. మొదట్లో ఎలకలనుకున్నాను!"

ఆమె ముఖం చిన్నబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత ఆపుకుందామన్నా ఆగలేనండీ. నాలుగు జంతికలతో మొదలవుతుంది. తిన్నాక నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ పాపానికి మర్నాడు టిఫిను మానేస్తాను" అంది.

ఆమె అవస్థకి కారణం ఆ చివరి మాటలోనే వుంది. బరువు తగ్గాలని ప్రయత్నించేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. రాత్రి తిన్నందుకు పగలు మాడతారు. పగలు మాడినందుకు రాత్రి తింటారు. ఈ గానుగెద్దు తిరుగుడు నెలలూ, సంవత్సరాలూ సాగుతుంది. బరువు మాత్రం అక్కడే వుంటుంది.

పగలు ఏం తిన్నారు?

ఆమె థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వుంది. నీరు పట్టిన లక్షణాలు ఏవీ లేవు. "ఒక వారంరోజులపాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ, టైముతో సహా ఒక నోటుబుక్కులో రాయండమ్మా. దాచవద్దు, తగ్గించి రాయవద్దు" అని చెప్పి పంపించాను.

వారం తర్వాత ఆ పుస్తకం చూస్తే విషయం అంతా బయటపడింది. పొద్దున కాఫీ మాత్రమే. మధ్యాహ్నం రెండు గరిటెల అన్నం, చారు, మజ్జిగ. నాలుగింటికి టీ. రాత్రి ఎనిమిదింటికి ఒక పుల్కా, కాస్త కూర. ఆ తర్వాత పిల్లల కంచాల్లో మిగిలిన అన్నం "పారెయ్యటం ఇష్టం లేక" రెండు ముద్దలు. పదకొండు గంటలకి జంతికలు, పిడికెడు వేరుశనగ గుళ్ళు, ఒక సున్నుండ. కారం తిన్నాక తీపి, తీపి తిన్నాక మళ్ళీ కారం!

పగలంతా ఆమె తిన్నదాంట్లో పప్పు లేదు, గుడ్డు లేదు, కూరలు అంతంతమాత్రం. అంటే కడుపుని ఎక్కువసేపు నిండుగా వుంచే మాంసకృత్తులూ, పీచుపదార్థమూ దాదాపు లేనట్లే. ఇక రాత్రి ఆకలి వెయ్యక ఏం చేస్తుంది?

శరీరం బాకీ వదులుకోదు

ఆకలిని అణిచేస్తే అది చచ్చిపోతుందని అనుకోవద్దు. అది బాకీగా మిగులుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్ళందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే. ఆరు నెలలపాటు అర్ధాకలితో వుంచేసరికి వాళ్ళకి తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగు చెయ్యటం మొదలుపెట్టారు. తర్వాత కావలసినంత తినమన్నప్పుడు, పొట్ట పగిలేలా తిన్నా తృప్తి తీరలేదన్నవాళ్ళున్నారు. దృఢమైన మనసున్న యువకుల పరిస్థితే అలా అయితే, నలుగురికీ వండి వడ్డిస్తూ రోజంతా తిండి మధ్యనే తిరిగే ఇల్లాలిని "నిగ్రహం లేదు" అనటం న్యాయమా?

ఆకలిని పుట్టించే రసాయనం ఒకటి మన జీర్ణాశయంలో తయారవుతుంది. దాని పేరు గ్రెలిన్. "ఇక చాలు" అని మెదడుకి చెప్పే లెప్టిన్ అనే రసాయనం కొవ్వులోంచి వస్తుంది. నిద్ర చాలకపోతే ఈ రెండూ తారుమారవుతాయి. 2004లో షికాగోలో 12మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చి పరీక్షిస్తే, గ్రెలిన్ పెరిగింది, లెప్టిన్ తగ్గింది. వాళ్ళకి ఆకలి పెరిగింది. అదీ ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండివంటల్లాంటి వాటిమీద! అర్ధరాత్రిదాకా టీవీ, సెల్‌ఫోను చూస్తూ మేలుకుంటే చెయ్యి డబ్బా మీదకి ఎందుకు పోతుందో ఇప్పుడు అర్థమయిందిగా!

రాత్రి తింటే అంతా కొవ్వేనా?

"ఎనిమిది దాటాక తిన్న ప్రతి మెతుకూ కొవ్వుగా మారిపోతుంది" అని చాలామంది నమ్ముతారు. ఇందులో కొంతే నిజం వుంది. గడియారం చూసి కొవ్వు తయారవదు. రోజు మొత్తంమీద శరీరం ఖర్చు పెట్టేదానికన్నా ఎక్కువ తింటేనే ఒళ్ళు వస్తుంది. అయితే రాత్రిపూట రక్తంలోని చక్కెరని అదుపు చేసే శక్తి పగటికన్నా తక్కువగా వుంటుంది. 2022లో అమెరికాలోని బోస్టన్‌లో, అధికబరువున్న 16మంది మీద చేసిన పరిశోధనలో, అదే భోజనాన్ని నాలుగు గంటలు ఆలస్యంగా పెడితే ఆకలి పెరిగిందనీ, శరీరం ఖర్చు చేసే కేలరీలు కొంత తగ్గాయనీ తేలింది.

అసలు చిక్కు రాత్రి తినే పదార్థాలతోనే. అర్ధరాత్రి లేచి ఎవరూ బీరకాయ కూర తినరు! చేతికి అందేవి నూనెలో వేగినవీ, పంచదార కలిసినవీ. 50 గ్రాముల మిక్చర్ లేదా కారప్పూసలో సుమారు 250 కేలరీలు. 30 గ్రాముల వేరుశనగ గుళ్ళలో దాదాపు 170. ఒక సున్నుండలో, సైజునిబట్టి 150 నుంచి 200. అన్నీ కలిస్తే సుమారు 600 కేలరీలు. 60 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 200 నుంచి 250 కేలరీలు. పొద్దున పార్కులో గంట నడిచి, రాత్రి పది నిమిషాల్లో దానికి రెట్టింపుపైగా తింటే బరువెలా తగ్గుతుంది?

మరి ఏం చెయ్యాలి?

రాత్రి తిండిని రాత్రిపూట ఆపటం కష్టం. పొద్దుటినుంచే ఆపుకు రావాలి.

పొద్దున టిఫిను మానవద్దు. మూడు ఇడ్లీలు సాంబారుతోగానీ, తక్కువ నూనెతో వేసిన రెండు పెసరట్లుగానీ తినండి. మధ్యాహ్నం కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ వుండాలి. అన్నం ఒక కప్పు చాలు గానీ, పప్పు గట్టిగా వడ్డించుకోండి. చారూ మజ్జిగతో సరిపెట్టవద్దు.

సాయంత్రం అయిదింటికి గుగ్గిళ్ళు తినండి. ఉడికించిన శనగలు, అలసందలు, పెసలు... ఏవైనా ఒక చిన్న గిన్నెడు. దీన్ని చాలామంది అనవసరమనుకుంటారు. రాత్రి ఆకలిని సగం చంపేది ఇదే.

రాత్రి భోజనం ఎనిమిది లోపల ముగించండి. ఉత్త పుల్కాలు కాకుండా పక్కన పప్పుగానీ, గుడ్డుగానీ, పెరుగుగానీ వుండాలి. భోజనాలవగానే మిగిలినవి సర్దేసి, పళ్ళు తోముకుని, వంటింటి లైటు ఆర్పేయండి. పిల్లలు కంచంలో వదిలినది మీ పొట్టలో పడేస్తే ఆదా అయినట్లు కాదు. వాళ్ళకి వడ్డించేటప్పుడే తక్కువ వడ్డించండి. పండగలకు తప్ప పిండివంటలు డబ్బాలకొద్దీ చేసి నిలవ పెట్టవద్దు.

ఇంత చేసినా పదకొండింటికి ఆకలేసిందా? ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. "ఇప్పుడు చల్లారిన ఇడ్లీ పెడితే తింటానా?" తింటానంటే అది నిజమైన ఆకలే. ఒక గ్లాసు పల్చటి మజ్జిగో, ఒక జామకాయో తీసుకోండి. కంచంలో పెట్టుకుని, కూర్చుని తినండి. డబ్బాలోంచి, నిలబడి తినవద్దు. "ఇడ్లీ వద్దు, జంతికే కావాలి" అనిపిస్తే అది ఆకలి కాదు. అలసటో, విసుగో, ఒంటరితనమో. దానికి మందు నిద్ర. కొందరికి పొట్టలో మంట కూడా ఆకలిలా అనిపిస్తుంది. అది తరచుగా వుంటే డాక్టరుకి చూపించుకోవాలి.

అన్ని ఆకళ్ళూ జిహ్వచాపల్యం కాదు

ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. ఒక రిటైరైన ఉద్యోగి షుగరుకి మాత్రలు వాడుతున్నారు. బరువు తగ్గాలని ఎవరో చెబితే రాత్రి భోజనం మానేసి ఒక పండుతో సరిపెట్టుకున్నారు. మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకున్నారు. నాలుగోరోజు తెల్లవారుజామున రెండు గంటలకి లేచి, ఒళ్ళంతా చెమటలతో, వణికే చేతులతో పంచదార డబ్బా వెతుక్కుంటున్నారు. "షుగరు పెట్టుకుని పంచదార తింటారా!" అని భార్య డబ్బా లాక్కోబోయింది. అదృష్టవశాత్తూ కొడుకు మెషీన్‌తో పరీక్షించాడు. 52 వుంది!

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళూ, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవాళ్ళూ డాక్టరుతో చెప్పకుండా భోజనం మానటం ప్రమాదం. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం షుగరు పడిపోయిందనటానికి గుర్తులు. రక్తంలో షుగరు 70కన్నా తగ్గితే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పొయ్యవద్దు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అలాగే మాత్రల మోతాదు మార్చాలేమో డాక్టరుని అడగండి.

ఇంకొందరు రోజూ నిద్రలోంచి లేచిమరీ తింటారు. తినకపోతే నిద్రపట్టదంటారు. పొద్దున ఆకలే వుండదు. ఇలాంటి అవస్థని 1955లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ వైద్యుడు మొదటిసారిగా వర్ణించాడు. దిగులు జబ్బుతో దీనికి చాలాసార్లు సంబంధం వుంటుంది. దీనికి చికిత్స వుంది. సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు.

ఇక మొదట చెప్పిన ఆ ఇల్లాలి సంగతి. మూడు నెలల తర్వాత వచ్చింది. నాలుగు కిలోలు తగ్గింది. "ఇదివరకటికన్నా ఎక్కువే తింటున్నాను డాక్టరు గారూ, అదే ఆశ్చర్యం!" అంది. ఎప్పుడైనా ఒకరోజు రాత్రి జంతిక తింటుందట. కానీ మర్నాడు టిఫిను మానటం లేదు.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. అర్ధరాత్రి మీ వంటింట్లోనూ డబ్బా మూత చప్పుడు వినిపిస్తే వెక్కిరించవద్దు. "మధ్యాహ్నం ఏం తిన్నావు?" అని అడగండి.