ఒకట్ల కింద ఒకట్లు
(జాంగో అడ్మిన్ పట్టికల గురించి నాలుగు మాటలు)

మాది వ్యవసాయ కుటుంబం. కిందటి వేసవి సెలవుల్లో మా ఊరి ఎరువుల అరువు ఖాతాలను కంప్యూటరుకు ఎక్కించే పని నా నెత్తిన పడింది. బి.యస్సీ. చదువుతున్నాడు కదా, వీడికి రాకపోతే ఇంకెవరికొస్తుందని పెద్దల నమ్మకం!

నేను జాంగో అనే చట్రాన్ని వాడాను. ఇది 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో అందరికీ ఉచితంగా అందింది. ఇందులోని గొప్ప సౌకర్యం 'అడ్మిన్'. మన సమాచారం ఎటువంటిదో చెబితే చాలు, చేర్చడానికీ దిద్దడానికీ కావలసిన తెరలు అదే తయారుచేస్తుంది. 'లిస్ట్_డిస్‌ప్లే'లో ఏ పేర్లు రాస్తే ఆ నిలువు వరుసలు పట్టికలో కనిపిస్తాయి.

నేను అంతటితో ఆగిపోయాను. పొరపాటు అక్కడే జరిగింది. అంకెలన్నీ ఎడమ అంచుకు ఆనుకుని నిలబడ్డాయి. 980 కిందనే 9800. చదివే ఆయన తొందరలో ఒక వరుస జారి, పదిమంది ఎదుట మా పెద్దనాన్నకు తొమ్మిదివేల ఎనిమిది వందలు బాకీ అని చెప్పాడు. పెద్దనాన్న అక్కడ మారుమాట్లాడలేదు. ఇంటికొచ్చి, "ఏరా అబ్బాయ్, నీ మిషనుకి నామీద అంత కోపమేంట్రా?" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తప్పు మిషనుది కాదు, నాది. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వెయ్యాలని రెండో తరగతిలోనే నేర్చుకున్నాం గదా!

దిద్దుబాటు చాలా సులువు. జాంగో ప్రతి గడికీ ఒక గుర్తు తగిలిస్తుంది. నిలువు వరుస పేరు 'అమౌంట్' అయితే, దాని గడులకు 'ఫీల్డ్-అమౌంట్' అనీ, తలకట్టుకు 'కాలమ్-అమౌంట్' అనీ ఉంటుంది. ఒక చిన్న సి.యస్.యస్. ఫైలులో 'ఫీల్డ్-అమౌంట్'కు 'టెక్స్ట్-అలైన్: రైట్' అని రాసి, ఆ ఫైలు పేరును మన మోడల్ అడ్మిన్ లోపల 'మీడియా' అనే క్లాసులో చెబితే సరి. జాంగో సొంత ఫైళ్ళ జోలికి పోనక్కరలేదు.

గడువు దాటిన బాకీలు మాత్రమే ఎర్రగా కనబడాలంటే ఒక చిన్న ఫంక్షన్ రాయాలి. అందులో 'ఫార్మాట్_హెచ్‌టీఎమ్ఎల్' వాడాలి గానీ 'మార్క్_సేఫ్' వాడరాదు. మొదటిది విలువలను జల్లెడ పడుతుంది. రెండవది వచ్చినదాన్ని వచ్చినట్టే నమ్ముతుంది. పేరు గడిలో ఎవడైనా దొంగ కోడ్ రాస్తే అది చూసేవాళ్ళ కంప్యూటరులో నడుస్తుంది. ఇలా ఫంక్షనుతో తెచ్చిన వరుస నొక్కితే క్రమంలో అమరదు. అందుకు 2021లో వచ్చిన 3.2 కూర్పు నుంచి 'అడ్మిన్.డిస్‌ప్లే'లో 'ఆర్డరింగ్' చెప్పే వీలుంది. రంగు ఒక్కటే చాలదు సుమా! నలుపు తెలుపుల్లో అచ్చు తీస్తే ఎరుపు మాయం. పక్కన 'గడువు దాటింది' అని మాట కూడా ఉండాలి.

దసరా సెలవుల్లో పెద్దనాన్న వచ్చి తెరమీద వేలు పెట్టి తన వరుస వెతుక్కున్నాడు. "980. ఇదీ నా లెక్క" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

మిత్రులారా, రేపు మనలో ఎందరో ఇటువంటి పట్టికలు తయారుచేస్తారు. గడులు దిద్దడం సోకు పని అనుకోకండి. ప్రతి అంకె వెనకా ఒక మనిషి పరువుంది.

— బి.యస్సీ., మూడవ సంవత్సరం