ప్రకటనలో 36, మీ చేతిలో 32

"25 అంగుళాల రైజర్, మీడియం లింబ్స్, 36 పౌండ్లు, రెండేళ్లు వాడింది, కండిషన్ సూపర్, డజను బాణాలు ఫ్రీ." ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ విల్లు ప్రకటనలు దాదాపు ఇదే వరసలో నడుస్తాయి. చివర ధర, దాని పక్కనే 'నెగోషియబుల్' అన్న ఊరింపు. ముషీరాబాద్‌లో ఇల్లు, ఉస్మానియాలో చదువు ఉన్న ఒక అమ్మాయి కంట ఈ ప్రకటన పడిందనుకుందాం. 'లాస్ట్ ప్రైస్ ఎంత అన్నా?' అని ఆమె మొదటి మెసేజ్ పెడితే, అసలు ప్రశ్న వెనక్కి పోయినట్టే. ముందు తేలాల్సింది ఆ 36 ఎవరి 36 అన్నది.

విలువిద్య మీద మనవాళ్లకు మోజు ఊరికే పెరగలేదు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి 3 స్వర్ణాలు తెచ్చింది. పెద్దపల్లి జిల్లాకు చెందిన తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో అండర్-21 ప్రపంచ టైటిల్ కొట్టింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో జరిగిన ఆర్చరీ ప్రీమియర్ లీగ్‌కు రామ్‌చరణ్ ప్రచారకర్త. అందులో కాకతీయ నైట్స్ పేరుతో మన జట్టూ ఆడింది. సురేఖ, చికిత వాడేది చక్రాలు, కేబుళ్లు ఉండే కాంపౌండ్ విల్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్‌ది చక్రాలు లేని రికర్వ్. పోటీలో రికర్వ్ దూరం 70 మీటర్లు, కాంపౌండ్‌ది 50. విలువిద్య 1972లో ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చినప్పటి నుంచి రాజ్యమంతా రికర్వ్‌దే. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా చేరుతోంది. కొనే ముందు ఈ రెంటిలో ఏది కావాలో తేల్చుకోవాలి, ఎందుకంటే రెంటికీ అడగాల్సిన ప్రశ్నలు వేరు.

ఇక 36 సంగతి. పిడి ఉండే నడిమి భాగం రైజర్, దానికి పైనా కిందా బిగించే వంగే రెక్కలు లింబ్స్. లింబ్ మీద అచ్చయిన పౌండ్లు 28 అంగుళాల దాకా లాగితే పడే బరువు. ఆ 28 కూడా ఒక లెక్క ప్రకారమే: పిడి లోతైన చోటు నుంచి నారి దాకా 26¼ అంగుళాలు, దానికి 1¾ కలపాలి. అంతకంటే తక్కువ లాగితే బరువు తగ్గుతుంది, ఎక్కువ లాగితే పెరుగుతుంది. రికర్వ్‌లో ఈ తేడా అంగుళానికి సుమారు 2 పౌండ్లు. మన అమ్మాయి రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు 165 సెంటీమీటర్లు, అంటే 65 అంగుళాలు. దాన్ని 2.5తో భాగిస్తే ఆమె డ్రా లెంగ్త్, అంటే నారి లాగే దూరం, సుమారుగా 26 అంగుళాలు. అంటే ఆ విల్లు ఆమె చేతిలో 32 పౌండ్లే. అమ్మే అతను పొడగరి, 30 అంగుళాలు లాగుతాడనుకోండి, అదే విల్లు అతనికి 40. 'అన్నా, దీని పవర్ ఎంత?' అని అడిగితే అతను '40 వస్తుంది' అంటాడు. అబద్ధమేమీ కాదు. లింబ్ మీది అంకె, అతని మాట, ఆమె చేయి మూడు వేర్వేరు జవాబులిస్తాయి, మూడూ నిజాలే.

8 పౌండ్ల తేడాకు ఇంత గొడవెందుకంటే, పోటీలో క్వాలిఫికేషన్ రౌండుకు 72 బాణాలు వేయాలి. 32 పౌండ్ల విల్లుతో 72 సార్లు లాగితే మొత్తం 2,304 పౌండ్లు, అంటే 1,045 కిలోలు. 40 పౌండ్లతో అయితే 1,306 కిలోలు. ఒక్క రౌండులోనే 261 కిలోలు అదనం, అదంతా భుజం మీదే పడుతుంది. పెద్దవాళ్లయినా కొత్తగా నేర్చుకునేవాళ్లకు కోచ్‌లు సాధారణంగా 20 నుంచి 28 పౌండ్ల మధ్యే చేతికిస్తారు. ఆ లెక్కన మన అమ్మాయికి 32 కూడా ఎక్కువే. రైజర్ బాగుంటే అది ఉంచుకుని, తక్కువ బరువు లింబ్స్ విడిగా వెతుక్కోవడం మేలు.

అందుకే అమ్మే వ్యక్తిని ఫొటో కాదు, వీడియో అడగాలి. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేస్ తూచుకునే కొక్కెం తూకం ఉంటుంది కదా, దాన్ని నారికి తగిలించి, పక్కన టేపు పెట్టి, పిడి నుంచి నారి దాకా 24¼ అంగుళాలు వచ్చేవరకు మెల్లగా లాగి, మెల్లగా వదలమనాలి. దానికి 1¾ కలిపితే ఆమె 26 అంగుళాలు. తూకం 14.5 కిలోలు చూపిస్తే 32 పౌండ్లన్నమాట. రెండు నిమిషాల పని. 'అంత అవసరమా' అని విసుక్కునే వ్యక్తి విల్లును ఎలా చూసుకున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాతిది ఫిట్టింగ్. రికర్వ్‌లో చాలా కంపెనీలు పాటించే ఐఎల్‌ఎఫ్ పద్ధతిలో ఒకరి రైజర్‌కు మరొకరి లింబ్స్ పడతాయి. హోయిట్ కంపెనీ ఫార్ములా లింబ్స్ ఐఎల్‌ఎఫ్ రైజర్‌కు పట్టవు. ప్రకటనలోని మీడియం లింబ్‌ను 25 అంగుళాల రైజర్‌కు పెడితే 68 అంగుళాల విల్లు అవుతుంది. 23 రైజర్‌కు పెడితే 66, బరువు మరో 2 పౌండ్లు పైకి. లింబ్ మీది అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా ఫొటో తెప్పించుకుంటే ఇవన్నీ అందులోనే దొరుకుతాయి. నారి ఎక్కించిన విల్లును పై కొస నుంచి కింది కొసకు చూస్తూ తీసిన ఫొటో కూడా కావాలి. నారి రెండు లింబ్స్ నడిమధ్య నుంచే పోవాలి, పక్కకు ఒరిగితే లింబ్ మెలిపడినట్టు. విల్లును కారు డిక్కీలో ఉంచేవారా అని కూడా అడగండి. హైదరాబాద్ మే నెల ఎండలో మూసి ఉంచిన కారు లోపలి వేడికి లింబ్ పొరలు విడిపోవచ్చు. చేతికొచ్చాక లింబ్ అంచుల వెంట దూది ఉండ నడపండి. పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పగులుందేమో చూడాలి.

బాణం లేకుండా లాగి వదిలేయడాన్ని డ్రై ఫైర్ అంటారు. బాణం తీసుకుపోవాల్సిన శక్తి అంతా తిరిగి లింబ్స్‌లోకే కొడుతుంది. 'ఎప్పుడైనా డ్రై ఫైర్ అయిందా?' అన్న ప్రశ్నకు జవాబు రాతలోనే తీసుకోండి. సీతా స్వయంవరంలో విల్లు విరిగితే పెళ్లయింది. మనకు విరిగితే ముఖం మీదికొస్తుంది.

ఫ్రీ బాణాలంటే నాకు అనుమానమే. బాణం మీద 500 అని ఉంటే, 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 880 గ్రాములు వేలాడదీసినప్పుడు అది 0.500 అంగుళం వంగుతుందని అర్థం. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. 40 పౌండ్లు లాగే పొడగరి బాణాలు 32 పౌండ్లు లాగే అమ్మాయికి బిరుసుగా, పొడుగ్గా ఉంటాయి. బరువుకూ ఒక కనీస హద్దుంది: పౌండుకు 5 గ్రెయిన్లు. 32 పౌండ్లకు 160 గ్రెయిన్లు, అంటే 10.4 గ్రాములు, దాదాపు తులం బంగారమంత. అంతకంటే తేలికైన బాణం వేస్తే సగం డ్రై ఫైర్ చేసినట్టే.

కాంపౌండ్‌లో చిక్కులు ఎక్కువ. 50 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే పూర్తిగా లాగాక చేతిలో ఆగేది 10 పౌండ్లే. అంత హాయిగా ఉండబట్టే కొత్తవాళ్లు మోజు పడతారు. కానీ దాని డ్రా లెంగ్త్‌ను క్యామ్ అనే చక్రం, అందులోని మాడ్యూల్ నిర్ణయిస్తాయి. 28 నుంచి 30కి మాత్రమే మారే విల్లు 26 అంగుళాలు లాగే చేతులకు పనికిరాదు, ఎంత చవకైనా. స్ట్రింగ్, కేబుళ్లు ఎప్పుడు మార్చారో అడగాలి. వాడకాన్ని బట్టి రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిందే, దానికి విల్లును నొక్కి పట్టే బో ప్రెస్ కావాలి. అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్‌కు గరిష్ఠ పరిమితి 60 పౌండ్లు. వేటకని తయారైన 70 పౌండ్ల విల్లు చవగ్గా వచ్చినా రేంజ్‌లో దానితో పని లేదు.

కుడా, ఎడమా అన్నది అందరూ మరిచిపోయే ప్రశ్న. ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో లాగేది రైట్ హ్యాండ్ విల్లు.

డబ్బు దగ్గరకొస్తే, 'ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటు, అడ్వాన్స్ వేస్తే కొరియర్ చేస్తా' అన్న మాట వినగానే ఆగిపోవాలి. తన పాత సామాను అమ్ముకునే వ్యక్తి వ్యాపారి కాడు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం మాత్రం వర్ణన చూసి కొన్న వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలంటుంది. ప్రశ్నలు ఫోన్లో కాకుండా చాట్‌లో అడగమనేది ఇందుకే. డబ్బు పోతే చేయాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు కూడా 1930 కావడం గమ్మత్తు, గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది.

ఊళ్లోనే ఉన్న విల్లయితే నేరుగా చూసి కొనండి. చూడటానికి తార్నాకలో ఏ టీ కొట్టు దగ్గరైనా చాలు, వేసి చూడటానికి మాత్రం క్యాంపస్ మైదానం పనికిరాదు. తెల్లవారింది మొదలు అక్కడ వాకర్లు తిరుగుతుంటారు, 70 మీటర్ల గురికి తయారైన బాణం గురి తప్పితే 70 దగ్గర ఆగదు. వెనక అడ్డు ఉన్న రేంజ్‌లో, కోచ్ ఎదుటే వేసి చూడాలి.

నా మట్టుకు నేను చెప్పేది ఇదీ: మొదటి విల్లుగా వాడిన రికర్వ్ రైజర్ నిరభ్యంతరంగా కొనొచ్చు. లింబ్స్ తూకం వీడియో చూశాకే కొనండి. వాడిన కాంపౌండ్ అయితే, బో ప్రెస్ ఉన్న మనిషి చూసి సరేననేదాకా ఒక్క రూపాయి కూడా పంపకండి.