ఖాందానీ ఉంగరం: జ్ఞాపకమూ, హక్కూ

దాదీమా వేలి నుండి కోడలి వేలికి, ఆ కోడలి వేలి నుండి ఆమె కోడలి వేలికి తరలివచ్చిన ఉంగరాలు మన కుటుంబాలలో అనేకం. కొన్నింటిలో పచ్చ, కొన్నింటిలో ఫిరోజా, మరికొన్నింటిలో ఎర్రని అఖీఖ్ పొదిగి ఉంటాయి. ఏళ్ళ తరబడి ధరించడం వల్ల అంచులు అరిగి సన్నబడి ఉంటాయి. తూకం వేస్తే నాలుగైదు గ్రాములకు మించవు. అయినా వాటిని కంసాలికిచ్చి కరిగించడానికి ఎవరికీ మనసు రాదు. ఈ మమకారం సహజమైనదే. అయితే ఆ ఉంగరం ఎవరిది అన్న ప్రశ్న తలెత్తినప్పుడు మనం మమకారాన్ని అనుసరిస్తున్నామా, ధర్మాన్ని అనుసరిస్తున్నామా అన్నది ఆలోచించవలసిన విషయం.

ప్రవక్త ఉంగరం

ముద్ర లేని లేఖలను విదేశీ పాలకులు స్వీకరించరని తెలిపినప్పుడు దైవప్రవక్త (స) వెండి ఉంగరం చేయించుకున్నారు. ముహమ్మద్, రసూల్, అల్లాహ్ అనే మూడు పదాలు దానిపై మూడు వరుసలలో చెక్కబడి ఉండేవని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ప్రవక్త (స) అనంతరం అది హజ్రత్ అబూబక్ర్ (రజి) చేతికి, ఆ తరువాత హజ్రత్ ఉమర్ (రజి) చేతికి, అటు పిమ్మట హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతికి చేరింది. ఒక ఖలీఫా నుండి ఆయన కుమారులకు వెళ్ళలేదు. బాధ్యత ఎవరి భుజాలపైకి వచ్చిందో ఉంగరం వారి వద్దకు వచ్చింది. అది సొత్తు కాదు, అమానతు.

హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో మదీనాలోని అరీస్ బావిలో అది పడిపోయింది. మూడు రోజులు వెదికినా దొరకలేదు. అంతటి పవిత్ర స్మృతిచిహ్నం కనుమరుగైనా ధర్మానికి ఏ లోటూ రాలేదు. మనకు వారసత్వంగా మిగిలింది లోహం కాదు, దానిపై చెక్కిన సందేశం.

హజ్రత్ జైనబ్ (రజి) కంఠహారం

వారసత్వ నగ పట్ల మమకారం ఎంత బలమైనదో తెలిపే ఉదంతం బద్ర్ యుద్ధానంతరం జరిగింది. అది హిజ్రీ 2వ సంవత్సరం. బందీలలో ప్రవక్త (స) అల్లుడు అబుల్ ఆస్ కూడా ఉన్నారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. భర్త విడుదల కోసం హజ్రత్ జైనబ్ (రజి) మక్కా నుండి పంపిన సొమ్ములో ఒక కంఠహారం ఉంది. పెండ్లినాడు తల్లి హజ్రత్ ఖదీజా (రజి) ఆమెకు ఇచ్చిన హారమది. దానిని చూడగానే ప్రవక్త (స) హృదయం ద్రవించింది. అయినా ఆయన దానిని తనంతట తాను తిరిగి పంపివేయలేదు. మీకు సమ్మతమైతే బందీని విడిచిపెట్టి ఆమె హారాన్ని ఆమెకే పంపుదామని సహాబాలను అడిగారు. వారు సంతోషంగా అంగీకరించారు.

జ్ఞాపకం ఎంత గాఢమైనదైనా ఇతరుల హక్కును అది రద్దు చేయదు. హక్కుదారుల సమ్మతి అడిగి తీరాలి. ఖాందానీ ఉంగరం విషయంలోనూ మనకు మార్గదర్శకం ఇదే.

వాటా ఎవరిది?

మనలో అనేక ఇళ్ళలో ఉంగరం పెద్ద కుమారునికే చెందాలన్న ఆచారం ఉంది. చెల్లెళ్ళను అడిగేవారు లేరు. కాని తల్లిదండ్రులు వదలివెళ్ళిన దానిలో పురుషులతో పాటు స్త్రీలకూ వాటా ఉందని, ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా ఆ వాటా నిర్ణీతమైనదని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 7వ ఆయతు స్పష్టం చేస్తున్నది. కొంచెమైనా అన్న తరువాత ఉంగరానికి మినహాయింపు ఎక్కడిది? మన దేశంలో 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం కూడా వారసత్వంలో ఆచారాన్ని పక్కనపెట్టి షరీఅత్‌నే పాటించాలని నిర్దేశించింది.

ఒక తల్లి మరణించింది, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు తప్ప వేరే వారసులు లేరు అనుకుందాము. అప్పులూ వసీయతూ తీరిన తరువాత 8 గ్రాముల బంగారు ఉంగరం మిగిలింది. అందులో కుమారునికి 4 గ్రాముల విలువ, ఒక్కొక్క కుమార్తెకు 2 గ్రాముల విలువ చెందుతుంది. ఉంగరాన్ని ముక్కలు చేయనక్కరలేదు. ఎవరి వద్ద ఉంచుకున్నా మిగిలినవారి వాటా విలువ చెల్లించాలి, లేదా వేరే ఆస్తిలో సర్దుబాటు చేయాలి. వారు మనస్ఫూర్తిగా వదులుకుంటే అది వారి ఔదార్యం. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో ఆడపడుచు వహించే మౌనం సమ్మతి కాదు.

బ్రతికుండగానే ఒక బిడ్డకు ఇవ్వదలచినవారు మిగిలిన బిడ్డలకూ న్యాయం చేయాలి. ఒక్క కుమారునికే కానుక ఇచ్చి సాక్ష్యం కోరిన సహాబీతో, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని ప్రవక్త (స) చెప్పారు. వారసునికే వసీయత్ వ్రాయడం ఇతర వారసుల సమ్మతి లేనిదే చెల్లదు.

కోడలికి తొడిగిన ఉంగరం సంగతి మరింత సున్నితమైనది. మహ్ర్‌గా ఇచ్చినదైతే అది పూర్తిగా ఆమె సొత్తు. భర్త మరణించినా, వివాహబంధం తెగినా ‘మా ఖాందానుది’ అంటూ తిరిగి అడిగే హక్కు అత్తింటికి లేదు. కానుకగా ఇచ్చినదైతే, ఇచ్చిన కానుకను వెనక్కు తీసుకోవడాన్ని ప్రవక్త (స) తీవ్రంగా గర్హించారు. ధరించడానికి మాత్రమే ఇస్తున్నట్లయితే ఆ మాట తొడిగేనాడే చెప్పాలి.

మరి రెండు జాగ్రత్తలు. తాతగారి బంగారు ఉంగరం మనుమనికి సంక్రమిస్తే అది అతని ఆస్తే. కాని పురుషులకు బంగారం ధరించడం నిషిద్ధం గనుక భార్యకో కుమార్తెకో ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. వెండి ఉంగరమైతే ధరించవచ్చు. ఇక అఖీఖ్ ఆపదలను ఆపుతుందని, ఫిరోజా దిష్టిని తొలగిస్తుందని నమ్మడం తౌహీద్‌కు విరుద్ధం. హజ్రె అస్వద్‌ను ముద్దాడుతూ కూడా హజ్రత్ ఉమర్ (రజి) అది లాభనష్టాలు చేకూర్చలేని రాయి మాత్రమేనని ప్రకటించారు.

మన పెద్దల ఉంగరాలను భద్రపరచుకుందాము. వాటితో పాటు వారి నమాజు, వారి నిజాయితీ, ఇంటికి వచ్చినవారికి వారు పెట్టిన అన్నం గురించి పిల్లలకు చెబుదాము. ఈసారి డబ్బీ తెరిచినప్పుడు ఆ ఉంగరంలో ఇంకా ఎవరి వాటా మిగిలి ఉందో లెక్క చూసి, వారి చేతికి అందజేద్దాము.