నాగు ధాన్యము - చక్రవృద్ధి

వృద్ధి రెండు విధములు. అసలు మీదనే ప్రతిసారి పెరుగునది యొకటి. పెరిగినదానిని కలుపుకొని మరల పెరుగునది రెండవది. ఈ రెండవదియే చక్రవృద్ధి.

తెలంగాణమున పూర్వము 'నాగు' అను ధాన్యపు అప్పు ఉండెడిది. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పేదరైతు విత్తనములకో, వానకాలపు తిండికో ఆసామి గాదె నుండి వడ్లు తెచ్చుకొని, పంట నూర్చినపుడు వడ్డీతో కొలిచి యిచ్చెడివాడు. బస్తాకు అరబస్తా వడ్డీ అనుకొందము. పంట పోయిన యేట అప్పు తీరదు; వడ్డీ అసలులో కలియును. ఒక బస్తా మొదటి యేటికి ఒకటిన్నర, రెండవ యేటికి రెండుంబావు, మూడవ యేటికి 3.375, నాలుగవ యేటికి అయిదు బస్తాలు దాటును.

నూటికి 50 చొప్పున నాలుగేండ్లకు 200, కావున మొత్తము మూడు బస్తాలే యని రైతు తలచును. తక్కిన రెండు బస్తాలు వడ్డీకి పుట్టిన వడ్డీ. ఇచట కూడిక పనికిరాదు, గుణకారము వలయును. 100కు వృద్ధిని కలిపి, 100తో భాగించగా 1.5 వచ్చును. ఎన్ని యేండ్లో అన్ని మారులు దానితో హెచ్చవేయవలెను.

అప్పునకే కాదు, పెరుగు ప్రతిదానికి ఇదే సూత్రము. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా జనాభా 1991-2001 నడుమ నూటికి 19.47, 2001-2011 నడుమ 10.18 పెరిగినది. కూడినచో 29.65. కాని 20,82,479 మంది 27,41,239 అయిరి. అనగా పెరుగుదల 31.63. జనాభాలో ఈ రెండు పాళ్ల తేడా కాగితము మీది అంకె. అప్పులో ఆ రెండు బస్తాల తేడా రైతు చేను.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చక్రవృద్ధిని నిషేధించినది. ధాన్యపు అప్పు అయిదు రెట్లు మించరాదని హద్దు గీచినది. పై లెక్కలో ఆ హద్దు నాలుగవ యేటనే దాటిపోయినది! హద్దు గ్రంథమున నుండెను. లెక్క మాత్రము షావుకారు పద్దులో నడచెను.

ఆదిలాబాదు గోండులు అనేకులు అప్పులపాలై భూములు పోగొట్టుకొనిరి. వారి నడుమ నివసించి యీ దుస్థితిని చూచిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పూనికతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. చదువు రానివాడు తన అప్పు ఎంతయో పరుల నోట వినవలసినదే. చదువుకొన్నవాడు తానే లెక్కించుకొనగలడు.

కనుక ఉపాధ్యాయుడు ఈ సూత్రమును వల్లె వేయించుటతో విడువరాదు. ఒక బస్తా వడ్లతో ఆరంభించి, ఏటేట పెరుగుదలను పిల్లలచేతనే పలక మీద వ్రాయించవలెను. అయిదవ యేటి అంకె వారే కనుగొని ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యము మరువరానిది.