విసిరిన చేయి మిన్నా? అందుకున్న చేయి మిన్నా?

1989 జనవరి 22. మయామీలో అమెరికన్ ఫుట్‌బాల్ అంతిమ పోటీ 'సూపర్ బౌల్' జరుగుతున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 13-16తో వెనుకబడి ఉంది. మిగిలిన వ్యవధి మూడు నిమిషాల పైచిలుకు. గమ్యం 92 గజాల దూరం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా తొణకలేదు. 34 సెకన్లు మిగిలి ఉండగా అతడు విసిరిన బంతిని జాన్ టేలర్ గమ్యరేఖ ఆవల అందుకున్నాడు. జట్టు 20-16తో నెగ్గింది. అయినా ఉత్తమ క్రీడాకారుడి గౌరవం ఈ ఇద్దరికీ దక్కలేదు. 11 బంతులు పట్టి 215 గజాలు సాధించిన రిసీవర్ జెర్రీ రైస్‌ను వరించింది.

మేటి ఎవరన్న వాదంలోని చిక్కంతా ఇక్కడే ఉంది. మోంటానా సూపర్ బౌల్ విజయాలు నాలుగు. టామ్ బ్రాడీవి ఏడు. 1945లో ఆట విరమించిన డాన్ హట్సన్ అందుకున్న టచ్‌డౌన్‌లు 99. రైస్ అందుకున్నవి 197. అయితే రిసీవర్లను రక్షకులు అడ్డగించే హక్కును 1978 నిబంధనలు బాగా కుదించాయి. హట్సన్ ఆ వెసులుబాటు ఎరుగడు. పైగా అతని రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా, 1989 వరకు, చెక్కుచెదరలేదు.

అంకెలు మనిషిని విడదీసి లెక్కిస్తాయి. బంతి మాత్రం రెండు జతల చేతులు కలిస్తేనే గమ్యం చేరుతుంది.